మీకో దండం, మీ పెట్టెకో దండం

మా ఆయనకి దేశదేశాల వాళ్ళు తెలుసు. పక్కింటాయన పేరు తెలియదు. ఒక గది నిండా పెట్టెలు పేర్చుకుని, డాబా మీద ఇనుప గొట్టాలతో యాంటెన్నా నిలబెట్టి, సముద్రాల అవతల ఉన్న ముక్కూ మొహం తెలియని మనుషులతో "మీరు బాగున్నారా, మా ఊళ్ళో ఎండగా ఉంది, మీ ఊళ్ళో వానా?" అని మాట్లాడటాన్ని హామ్ రేడియో అంటారు. దానికి పరీక్ష ఉంది, లైసెన్సు ఉంది. పెళ్ళాన్ని "బాగున్నావా" అని అడగడానికి ఏ లైసెన్సూ అక్కర్లేదు కాబట్టి కాబోలు, ఆ అలవాటు మాత్రం ఆయనకి పట్టుబడలేదు.

ఆయన సినిమా హాల్లో ప్రొజెక్టర్ ఆపరేటరుగా చేసి రిటైరయ్యాడు. కిటికీ లేని చిన్న గదిలో, రెండు మెషిన్ల మధ్య, చెవులు చిల్లులు పడే మోతలో ఉద్యోగమంతా గడిచింది. నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో ఆపరేటర్ని. చెవికి హెడ్‌ఫోను తగిలించుకుని, గరగరలాడే లైన్లలోంచి ఎవరి ఊరు ఏదో, ఎవరి నంబరు ఎంతో ఏరుకుని కలిపేదాన్ని. వినడమే నా ఉద్యోగం. "ఇద్దరూ ఆపరేటర్లే, మరి ఇల్లు నడిపేదెవరు?" అని మా పెళ్ళిలో ఎవరో హాస్యమాడారట. ఎవరు నడిపారో ఆ పెద్దమనిషి ఒక్కసారి వచ్చి చూసి ఉంటే తెలిసేది.

ఈ హాముల్లో ఒక మర్యాద ఉంది. అవతలివాడి గొంతు తనకి ఎలా వినిపిస్తోందో ప్రతివాడూ రెండు అంకెల్లో చెప్పాలి. మొదటిది మాట ఎంత స్పష్టంగా ఉందో, అయిదుకి ఎన్ని మార్కులని. రెండోది ఎంత గట్టిగా ఉందో, తొమ్మిదికి ఎన్నని. "ఐదు–తొమ్మిది" అంటే ఇంతకంటే బాగా వినపడటం కుదరదని అర్థం. ఈ అంకెలు పెట్టినవాడు నిజం చెప్పుకోమనే పెట్టాడు, పాపం. వీళ్ళు అందరికీ ఐదు–తొమ్మిదే పంచిపెట్టడం మొదలుపెట్టారు. అవతలివాడి మాట ఒక్క ముక్క అర్థం కాకపోయినా, "మీకు ఐదు–తొమ్మిది, దయచేసి మీ పేరు మళ్ళీ చెప్పండి" అంటారు. సిగ్గు కూడా లేదు.

మా ఆయన ఈ మర్యాదని గది దాటించి వంటింటి దాకా తెచ్చాడు. కూర ఎలా ఉందంటే ఐదు–తొమ్మిది. కొత్త కర్టెన్లు ఎలా ఉన్నాయంటే ఐదు–తొమ్మిది. ఒకసారి "గ్యాస్ అయిపోయిందండీ" అన్నాను. "ఐదు–తొమ్మిది" అన్నాడు. ఆ పూట పస్తు పెడితే గాని సంగతేమిటో కనుక్కోలేదు.

ఒక్కసారి మాత్రం ఆ మాటకి నేను కరిగిపోయాను. నేను రిటైరైన రోజు సాయంత్రం, ఆఫీసువాళ్ళిచ్చిన గోడ గడియారం ఒళ్ళో పెట్టుకుని, ఆయన వెనక కుర్చీలో కూర్చున్నాను. ఆయన రేడియో ముందున్నాడు. నేను ఇలాంటివి అడిగే రకాన్ని కాదు. ఆ రోజు ఎందుకో అడిగాను. "ఏమండీ, నాతో ఇన్నేళ్ళ కాపురం మీకెలా ఉంది?" ఆయన తల తిప్పకుండానే, "ఐదు–తొమ్మిది" అన్నాడు. నాకు సిగ్గు ముంచుకొచ్చింది, సంతోషమూ వేసింది. లేచి వెళ్ళి టీ పెట్టుకొచ్చాను. ఆ తర్వాత ఆయన మీద ఒళ్ళు మండినప్పుడల్లా ఆ మాట తలుచుకుని చల్లబడేదాన్ని. మండటం రోజూ ఉండేది కాబట్టి, ఆ మాట కూడా రోజూ పనికొచ్చేది.

కిందటి వానాకాలం నుంచి మా ఆయనకి అందరూ బదులు చెప్పడం మానేశారు. ఆయన లెక్కలో, లెండి. పొద్దున్నే మైకు ముందు కూర్చుని లైసెన్సుతో వచ్చిన తన పిలుపు పేరు, అదే కాల్ సైన్, పదిసార్లు చదివి, చెవి రిక్కించి, "ఎవరూ లేరు" అని నిట్టూర్చేవాడు. కారణం సూర్యుడి మీద మచ్చలు తగ్గడమట, అవి తగ్గితే రేడియో తరంగాలు దూరం పోవట. ఇంట్లోవాళ్ళ మీద నెట్టడానికి వీల్లేక సూర్యుడి మీదికి నెట్టాడు.

ఒకరోజు వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతున్నాను. గదిలో స్పీకరు వీధంతటికీ వినపడేలా మోగుతోంది. గరగరలోంచి ఒక ఆడగొంతు, సన్నగా, ముత్యాల్లా మాటలు పేరుస్తూ, మా ఆయన కాల్ సైన్ పలుకుతోంది. మీరు బాగా వినిపిస్తున్నారు, నేను వినిపిస్తున్నానా అంటోంది. ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ అంటోంది. మా ఆయన ఆ గొంతు మీదే "ఎవరన్నా ఉన్నారా?" అని కేకేశాడు. నేను కత్తిపీట వదిలేసి వెళ్ళాను.

"ఎవరో ఆవిడ పిలుస్తోంది కదండీ, పలకరేం?"

ఆయన నా మొహంకేసి చూసి, "ఎవరే? ఎవరూ లేరు. నా సిగ్నలుకి బలం చాలటం లేదు. అటకమీద ఆంప్లిఫయరు దింపాలి" అన్నాడు.

ఇక్కడ కాస్త ఆగి ఈ బుర్రని మెచ్చుకోవాలి. ఈయనకి అవతలివాళ్ళ మాట వినపడటం లేదు. దానికి ఈయన కనిపెట్టిన మందేమిటంటే, తను ఇంకా గట్టిగా అరవడం. ఆంప్లిఫయరంటే ఆయన గొంతుని పెంచే పెట్టె. చెవుల్ని పెంచే పెట్టె కాదు. ఇలాంటివాణ్ణి హాములు మొసలి అంటారట. నోరు బారెడు, చెవులు కనపడవు. ఆ మాట గడియారాలాయన నోరు జారితే విన్నాను.

గడియారాలాయన మా ఆయనకున్న ఒకే ఒక్క స్నేహితుడు. బజారు మలుపులో గడియారాలు బాగుచేసే కొట్టు ఆయనది. తనూ హామే. మనిషి పీలగా ఉంటాడు, గొంతు మాత్రం నూతిలోంచి వచ్చినట్టు ఉంటుంది. మా ఆయనకి ఆ గొంతు చక్కగా వినిపిస్తుంది. అందుకే నేను చెవుల మాట ఎత్తినప్పుడల్లా, "వాడి మాట వినపడటం లేదూ? నీదే నసుగుడు" అనేవాడు. ఎక్స్ఛేంజ్‌లో ఊరి గొంతులన్నీ కలిపిన నన్ను పట్టుకుని నసుగుడట.

సరే, ఆంప్లిఫయరు దిగింది. దాని వెనకాలే అసలు రాక్షసి కూడా దిగింది. ఆంప్లిఫయరుకి తిండి పెట్టే పవర్ సప్లై. మా ఆయన వయసులో ఉండగా సొంతంగా కట్టిన ఇనుప పెట్టె అది. ఇద్దరు మోస్తే గాని కదలదు. అందులో రెండు వేల అయిదు వందల వోల్టులుంటాయి. ఇంట్లో కరెంటు కొడితే అరిచే వ్యవధైనా ఉంటుంది, ఇది కొడితే అరవడానికి మనిషి మిగలడు. ఈ సంగతి నాకు చెప్పింది ఆయనే, అదేదో పిల్లవాడికి ఫస్టు క్లాసు వచ్చినట్టు గర్వంగా. నాకు ఆ పెట్టె అంటే భయం. ఆయన దాన్ని విప్పిన ప్రతిసారీ, గదిలోంచి ఏదో పడిన చప్పుడు వినపడుతుందేమోనని నా ప్రాణాలు గుప్పిట్లో ఉండేవి. ఆయన్ని ఎంత తిట్టుకున్నా, ఆయన లేని ఇల్లు నేను ఊహించుకోలేను. తిట్టడానికైనా మనిషుండాలి కదా.

ఆ పెట్టెతో ఉన్న చిక్కల్లా, స్విచ్ ఆపినంత మాత్రాన అది చావదు. ప్లగ్గు పీకినా చావదు. లోపల డబ్బాల్లాంటి కెపాసిటర్లు వరసగా నిలబడి ఉంటాయి. వాటి కడుపులో కరెంటు నిలవుండిపోతుంది. దాన్ని మెల్లగా తాగేయడానికి రెసిస్టర్ల గొలుసు ఒకటి పెడతారు. అయినా ఆ గొలుసుని నమ్మి చేయి పెట్టకూడదు. అందుకని ఆయన ఒక పొడుగాటి కర్ర చివర రాగి కొక్కెం బిగించాడు. ఆ కొక్కేనికి తీగ కట్టి, తీగ రెండో కొసని పెట్టె ఇనుప ఒంటికి బిగించాడు. చేయి పెట్టే ముందు ఆ కొక్కెంతో కెపాసిటర్లని తాకాలి. ఏమన్నా మిగిలుంటే అక్కడితో సరి. ఆ కర్రకి ఆయన పెట్టిన పేరు దండం. "ముందు దండం పెట్టు, తర్వాత చేయి పెట్టు" అని పెళ్ళయిన కొత్తలో నాచేత కూడా వల్లె వేయించాడు. నేనేం తక్కువ తిన్నానా, "మీకో దండం, మీ పెట్టెకో దండం" అనేదాన్ని.

పోనుపోను ఆయనకి ఆ దండం కూడా నామోషీ అయిపోయింది. అది నేర్చుకునేవాళ్ళకట. "నా చెవే నా మీటరు" అనేవాడు. ప్రొజెక్టరు మోతలో చిన్న తేడా వస్తే చాలు, రీలు తెగబోతోందని ముందే పసిగట్టేవాడట హాల్లో. అందుకని పవర్ సప్లై ఆపాక, పెట్టె పక్కన చెవి పెట్టి, "ఆ, నిద్రపోయింది" అని చేయి పెట్టేవాడు. ఆ చెవి ఆ రోజుల్లో నిజంగానే పాము చెవి. కాదనను.

బాగుచేత మొదలైంది. గదంతా రంపపు పొట్టు రంగు దుమ్ము, కాలిన సోల్డరు వాసన. పాత కెపాసిటర్లు తలలు ఉబ్బి, కిందనుంచి జిగురు కారుతున్నాయి. ఇన్నాళ్ళు నెత్తి మీద పెట్టుకుని పూజించిన పెట్టె లోపల ఎలా ఉందో చూడటం నాకు కొంచెం సంతోషంగానే ఉంది. గడియారాలాయన ఎక్కడో వెతికి కొత్త కెపాసిటర్లు పట్టుకొచ్చాడు. ఇద్దరూ కూర్చుని పాతవి ఊడదీసి కొత్తవి బిగించారు. అన్నీ అయ్యాక, గడియారాలాయన కంటికి తన భూతద్దం తగిలించుకుని రెసిస్టర్ల గొలుసు మీదికి వంగాడు.

"అన్నయ్యగారూ, వీటి పెంకుల మీద బీటలున్నాయి. ఇవి కూడా మార్చేద్దామేమో."

"బాగున్నాయి, బాగున్నాయి" అన్నాడు మా ఆయన. "రాళ్ళు అవి. వోల్టులు చూపించే మీటరు కూడా వాటి చివరే తగిలించాను. ముట్టుకుంటే లెక్కంతా మారిపోతుంది."

గడియారాలాయన అంతటితో నోరు మూసుకున్నాడు. చేతి గడియారం తెచ్చినవాడికి "మీ ముల్లు వంకర" అని మొహం మీదే చెప్పే మనిషి. ఇక్కడ మాత్రం మర్యాద అడ్డొచ్చింది. గుమ్మం దాకా సాగనంపుతూ నేనే పట్టుకున్నాను.

"ఏమయ్యా, మీ అన్నయ్యగారికి చెవులు పోయాయని నీకు తెలుసా, తెలియదా?"

"అయ్యో, అంత మాటెందుకు వదినగారూ. కొంచెం పరధ్యానం, అంతే."

"రేడియోలో మిగతావాళ్ళేమంటున్నారు?"

"ఏమంటారండీ, అందరూ ఐదు–తొమ్మిదే ఇస్తున్నారు."

"తగలబడినట్టే ఉంది మీ మర్యాద. మనిషి పోయినా ఐదు–తొమ్మిదే ఇస్తారు మీరు" అన్నాను. ఆయన చెప్పులు వేసుకోవడంలో ఎడమ ఏదో కుడి ఏదో మరిచిపోయాడు. రేపు తను వచ్చాకే కరెంటు పెడదామని మా ఆయనకి చెప్పానని, కంగారు పడవద్దని చెప్పి వెళ్ళాడు. చెప్పే ఉంటాడు. "బాగుంది" అనే జవాబు కూడా వచ్చి ఉంటుంది.

మర్నాడు పొద్దున, గడియారాలాయన రాకముందే మా ఆయన కరెంటు పెట్టేశాడు.

నేను గుమ్మంలో నిలబడ్డాను. పెట్టె గుర్రుమంది. మీటరు ముల్లు మెల్లగా లేచింది, లేచి రెండు వేలు దాటింది. మా ఆయన మొహం వెలిగిపోయింది. అంతలో టక్కుమని ముల్లు పడిపోయింది. సున్నా.

"ఛ! ఎక్కడో టాకా ఊడింది" అన్నాడు. స్విచ్ ఆపాడు. ప్లగ్గు పీకాడు. పెట్టె గుర్రుమనడం ఆగిపోయింది. అలవాటు ప్రకారం పెట్టె పక్కన చెవి పెట్టాడు. "నిద్రపోయింది" అన్నాడు. ఎడమ చేయి జేబులో పెట్టుకున్నాడు. ప్రమాదం ఒక చేతితోనే ఆగిపోవాలని వాళ్ళకొక నియమంలెండి. దండం మాత్రం గోడకి ఆనించి ఉన్నచోటే ఉంది.

అప్పుడు వినిపించింది నాకు. చిట్... చిట్... చిట్. సన్నగా, గోరుతో గోరుని మీటినట్టు. వానాకాలంలో ఎక్స్ఛేంజ్‌లో తీగలు తడిస్తే వచ్చే చప్పుడది. చచ్చిన తీగ ఏ చప్పుడూ చేయదు. అది పెట్టెలోంచి వస్తోంది, ఆయన చెవికి జానెడు దూరంలోంచి.

"ఏమండీ, ఆగండి!"

"ఆ, ఆ" అన్నాడు, స్క్రూడ్రైవరు అందుకుంటూ.

"అది ఇంకా చావలేదండీ! చప్పుడు చేస్తోంది!"

"బాగుంది" అన్నాడు.

గొంతు చించుకుని అరిచాను. "చేయి పెట్టకండి!"

ఆయన వంగి, కుడిచేయి పెట్టెలోకి పోనిస్తూ, నింపాదిగా అన్నాడు. "ఐదు–తొమ్మిది."

ఇంక అరవడం దండగని ఆ క్షణంలో తెలిసిపోయింది. వెనకనుంచి చొక్కా కాలరు రెండు చేతులతో పట్టుకుని గుంజాను. మనిషి, స్టూలు, స్క్రూడ్రైవరు, అన్నీ కలిసి నా కాళ్ళ మీద పడ్డాయి. కాలరు చినిగి సగం నా చేతిలో ఉండిపోయింది.

"పిచ్చెక్కిందా నీకు?" అని గింజుకున్నాడు కింద నుంచి. "ప్లగ్గు పీకేశాను, కనపడటం లేదా? మీటరు సున్నా చూపిస్తోంది!"

జవాబు చెప్పినా ఎవరు వింటారు? గోడ దగ్గరికి వెళ్ళి దండం తీసుకున్నాను. తీగ కొస పెట్టెకి బిగించి ఉందో లేదో లాగి చూశాను. వల్లె వేయించింది ఆయనే కదా. కర్ర చివరికంటా వెనక్కి పట్టుకుని, మొహం పక్కకి తిప్పుకుని, కొక్కెం ఆనించాను.

ఠాం అంది. గదిలో మెరుపు మెరిసింది. కిటికీ అద్దాలు అదిరాయి, వీధిలో కుక్కలు లేచాయి. ఆయనకి కూడా వినిపించింది. ఎన్నాళ్ళకో నా చేతిమీదుగా ఒక ముక్క ఆయన చెవిన పడింది.

తర్వాత గడియారాలాయన వచ్చి చూసి చెప్పాడు. ఆ రాళ్ళలో ఒకటి పగిలిందట. గొలుసు తెగితే కరెంటుని తాగేవాడూ లేడు, చివరన ఉన్న మీటరుకి అందేదీ లేదు. పెట్టె నిండా చావు ఉంది, మీటరు సున్నా చూపిస్తోంది. పగులుని దాటుకుంటూ కరెంటు చేసే చప్పుడే నేను విన్న చిట్ చిట్. ఇంత వివరంగా చెప్పాక, "నిన్ననే గట్టిగా చెప్పాల్సింది" అని నసిగాడు. నిజమైన నసుగుడు ఎలా ఉంటుందో మా ఆయన అప్పుడు వినవలసింది.

కాని అది తర్వాతి మాట. అప్పటికి మేమిద్దరమే ఉన్నాం. మా ఆయన నేలమీదే కూర్చుని, దండం చివరన కరిగి నల్లబడ్డ రాగి కొక్కెం వైపు చూస్తున్నాడు. తర్వాత నావైపు తిరిగి అడిగాడు.

"నీకెలా తెలిసింది?"

"చప్పుడు చేసింది."

"ఏమిటి చేసింది?"

"చప్పుడు! చిట్ చిట్ అని! మీ చెవి పక్కనే!"

ఆయన నా కళ్ళలోకి చూడటం లేదు. నా పెదాల వైపు చూస్తున్నాడు. అప్పుడు గమనించాను. ఎంత కాలంగానో ఆయన ఇలాగే చూస్తున్నాడు, నేనే అది పట్టించుకోలేదు. నేను వెనకనుంచి మాట్లాడితే ఐదు–తొమ్మిది, ఎదురుగా నిలబడితే జవాబు.

ఆయన పక్కన చతికిలబడ్డాను. మొహం మొహానికి ఎదురుగా పెట్టి అడిగాను. "నా గొంతు మీకెలా వినిపిస్తోంది? మీ అంకెల్లో చెప్పండి. ఈసారి నిజం చెప్పండి."

నోరు తెరిచాడు. పాత అంకెలే వస్తాయనుకున్నాను. మూసుకున్నాడు. చినిగిన కాలరు తడుముకున్నాడు.

"రెండు–మూడు" అన్నాడు చివరికి. "చాన్నాళ్ళ నుంచీ. ఆడగొంతులన్నీ అంతే. గడియారాలాడి గొంతు వినపడుతుంటే, ఇంకా బాగానే ఉన్నాననుకున్నాను... కాదు, తెలుసు. ఒప్పుకోవడం ఇష్టం లేక."

ఆయన చెవుల సంగతి నాకు తెలిసిందే, కాని నేను రిటైరైన రోజు గుర్తొచ్చింది. ఆ రోజు కూడా నేను వెనకనే కూర్చున్నాను. నా మాట ఆయనకి చేరనేలేదు. ఏదో చప్పుడైంది, మర్యాదకి ఐదు–తొమ్మిది ఇచ్చాడు. దాన్ని పట్టుకుని నేను టీ పెట్టుకొచ్చాను! దాన్ని తలుచుకుని ఇన్నాళ్ళూ చల్లబడ్డాను!

నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. కోపమే ముందొచ్చింది. ఆయన గడ్డం పట్టుకుని మొహం నావైపు తిప్పుకుని, ప్రతి మాటా విడదీసి, ఎక్స్ఛేంజ్‌లో చెవిటి లైన్ల మీద అరిచినట్టు అరిచాను.

"నాతో! ఇన్నేళ్ళ! కాపురం! ఎలా ఉంది!"

ఆయన చేయి అడ్డం పెట్టాడు. తన జన్మలో నాతో ఎప్పుడూ అనని మాట అన్నాడు.

"అర్థం కాలేదు. మళ్ళీ చెప్పు."

మళ్ళీ చెప్పాను. వీధి గుమ్మంలో అప్పుడే చెప్పులు విడుస్తున్న గడియారాలాయన, మూడో మాటకే మళ్ళీ తొడుక్కున్నాడు.

మా ఆయనకి ఈసారి అందింది. తల వంచుకుని ఆలోచించాడు. చేతివేళ్ళ మీద ఏదో లెక్క కూడా వేసుకున్నాడు.

"నాలుగు–ఏడు" అన్నాడు.

ఐదు–తొమ్మిది అని ఉంటే ఆ దండంతోనే ఒక్కటిచ్చేదాన్ని.